సమ్మక్క కుంకుమ చూసి కూడా మనకు అర్థం కాలేదా?



ఆదివాసీలు బొట్టు పెట్టుకోవాలా వద్దా అని మనోళ్లు తెగ వాదించుకుంటున్నరు. అది ఎవరి ఇష్టం వాళ్లది. పెట్టుకుంటే ఆదివాసీతనం తగ్గదు, పెట్టుకోకపోతే పెరగదు. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. భర్త పోయిన ఆడమనిషిని బొట్టు దగ్గరికి రానియ్యకపోవడం.

హిందూ ఆచారంలో కుంకుమ బొట్టును ఐదోతనానికి గుర్తు అంటరు. భర్త పోతే చెరిపేస్తరు. కానీ బొట్టుకు ఇంకో అర్థం కూడా ఉంది కదా. పెళ్లికి బొట్టు పెట్టి పిలుస్తరు. అంటే బొట్టు ఒక పిలుపు, ఒక మర్యాద.

ఇప్పుడు మేడారం కథ గుర్తుచేసుకోండి. కాకతీయ సైన్యంతో యుద్ధంలో పగిడిద్దరాజు పోయిండు. బిడ్డ సారలమ్మ పోయింది. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకిండు, అందుకే అది జంపన్నవాగు అయ్యింది. సమ్మక్క పోరాడి, చివరికి చిలకలగుట్ట వైపు పోయి మాయమైంది. వెతికినోళ్లకు దొరికింది కుంకుమ భరిణె. రెండేళ్లకోసారి మాఘమాసంలో కోయ పూజారులు ఆ గుట్ట మీది నుంచే తల్లిని కుంకుమ భరిణె రూపంలో గద్దెకు తెస్తరు. లక్షల మంది ఎదురుచూసి మొక్కుతరు.

భర్త పోయిన తల్లి కుంకుమగా వస్తే మొక్కుతున్నం. మన ఇంట్లో భర్త పోయిన తల్లి కుంకుమ ముట్టుకుంటే అరిష్టం అంటున్నం. ఇదేం లెక్క?

పోయిన ఎండకాలం మా చుట్టాల పెళ్లిలో మా మేనత్త పెళ్లికూతురికి బొట్టు పెట్టబోతే ఒకామె చెయ్యి పట్టుకొని ఆపింది. ఒక్కతే పోడు చేసి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి ఆమె. ఏమీ అనకుండా పోయి పొయ్యి కాడ కూసుంది.

"పెద్దోళ్ల పద్ధతి, మనమేం చేస్తం" అంటరు కొందరు. పెద్దోళ్లతో కొట్లాడమని నేను చెప్తలేను. పెళ్లి పనుల్లో కుంకుమ పళ్లెం పట్టుకొని తిరిగేది మనమే. ఆ పళ్లెం వాళ్ల ముందు కూడా ఆపి, "నువ్వు కూడా పెట్టు అత్తా" అంటే చాలు. ఒకరిద్దరు గొణుగుతరు. గొణగనీయండి. చదువుకున్న మనం ఆ మాట కూడా అనలేకపోతే, హాస్టల్ల ఇన్నేండ్లు ఉండి ఏం నేర్చుకున్నట్టు?

మీ ఊళ్లో ఎట్లుందో కింద రాయండి.

జై సమ్మక్క సారలమ్మ. జై ఆదివాసీ.