చేతులు ఖాళీగా పెట్టుకుని విన్న పాట

మొన్న శ్రీరామనవమి పందిట్లో రెండున్నర గంటల సేపు కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాను. ఇందులో రాయడానికేముంది అంటారేమో. ఆ రెండున్నర గంటలూ నా ఒళ్ళో చిక్కుడుకాయలు లేవు, చేతిలో ఇస్త్రీపెట్టె లేదు, ఫోను ఇంట్లోనే వదిలేశాను. ఊరికే కూర్చుని పాట విన్నాను. ఇలా విని ఎన్నాళ్ళయిందా అని లెక్క వేసుకుంటే పెళ్ళికి ముందు రోజుల దాకా వెళ్ళాల్సి వచ్చింది.

నాకు పాడటం రాదు. వినడం మాత్రం బాగా వచ్చనుకునేదాన్ని. మా పుట్టింట్లో పొద్దున్నే విజయవాడ రేడియో పెట్టేవాళ్ళు. భక్తిరంజని వస్తుంటే మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చునే, "ఇది బాలమురళి, ఇది ఓలేటి" అని గొంతు పోల్చి చెప్పేది. ఆవిడ జన్మలో ఒక్క కచేరీకి వెళ్ళలేదు. వెళ్ళనిచ్చేవాళ్ళెవరు? అందుకే రికార్డు పాట తక్కువ, ఎదురుగా కూర్చుని విన్నదే పాట అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. గడప దాటలేని ఆడవాళ్ళకి సంగీతాన్ని వంటింట్లోకి తెచ్చి ఇచ్చింది రేడియో, ఆ తర్వాత క్యాసెట్టు. ఆ రుణం తీరేది కాదు.

కానీ ఇంట్లోకి వచ్చిన పాటని మనం ఏం చేశాం? నెమ్మదిగా దాన్నొక గడియారంగా మార్చేసుకున్నాం. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో రికార్డుగా వచ్చింది. అరవై ఏళ్ళు దాటినా తెల్లవారుజామున ఏ గుడి ముందునుంచి వెళ్ళినా అదే గొంతు. అది వినపడితే "అమ్మో, ఐదున్నరయింది" అనుకుని లేస్తాం. ఘంటసాల గారి భగవద్గీత సంగతి మరీ అన్యాయం. 1974లో ఆయన వెళ్ళిపోయారు, గొంతు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉంది. అయితే ఇప్పుడు వీధిలో గీత వినిపించగానే మనం తల బయటపెట్టి అడిగే మొదటి మాట, "ఎవరు పోయారు?" అని. అంత పాటా కబురు చెప్పే గంట అయిపోయింది. పండగ పాటలూ అంతే. వినాయక చవితికి ఒకటి, అట్లతద్దికి ఒకటి, సంక్రాంతికి ఒకటి. అవి మోగుతుంటాయి, మనం బూరెలు వేయిస్తుంటాం.

కొత్త పాటల దగ్గరికి వద్దాం. మా అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. సినిమా ఇంకా మూడు నెలలుందనగానే ఒక్కొక్క పాటే లిరికల్ వీడియోగా వదులుతారు కదా, వచ్చిన గంటలోపే నాకు పంపిస్తుంది. నేను కూర కలుపుతూ ఒక నిమిషం విని, "మా రోజుల్లో పాటలే వేరు" అని ఒక పాత రికార్డు వేసేస్తాను. ఒకరోజు అది అడిగింది, "అమ్మా, మీ రోజుల్లో పాటని ఎన్నిసార్లు వినేదానివి?" అని.

నిజం చెప్పాలంటే ఒక్కో క్యాసెట్టు ఆరు నెలలు వినేవాళ్ళం. డబ్బు పెట్టి కొన్నది కదా! ఎ వైపు అయిపోతే తిప్పి బి వైపు. నచ్చని పాటని దాటించాలంటే బటన్ నొక్కి పట్టుకుని కూర్చోవాలి, అంత ఓపిక లేక అదీ వినేసేవాళ్ళం. అలా వినగా వినగా నచ్చని పాటలే చివరికి నోట్లో నిలిచిపోయేవి. శంకరాభరణం 1980లో వచ్చింది. ఆ పాటలు మా ఇంట్లో అందరికీ ఎలా వచ్చాయనుకున్నారు? మా వాళ్ళెవరూ సంగీతం నేర్చుకోలేదు. మహదేవన్ గారి పాటని బాలూ, వాణీ జయరాం పాడుతుంటే మళ్ళీ మళ్ళీ విన్నారు, అంతే.

అందుకని మా అమ్మాయి పంపిన పాటని ఆ రాత్రి దీపం తీసేసి, మంచం మీద కూర్చుని మూడుసార్లు విన్నాను. రెండో చరణం ముందు సన్నగా నాదస్వరం ఉంది. అంతకు ముందు నాకది వినపడనే లేదు, పోపు చిటపటల్లో కలిసిపోయింది. కొత్త పాటలన్నీ గొప్పవని అనను. కానీ ఒక నిమిషం విని తీర్పు చెప్పే హక్కు నాకు లేదని ఆ రోజు తెలిసింది.

ఇక కచేరీలు. కచేరీలన్నీ ఒకటి కావని కూడా చెప్పాలి. రెండేళ్ళ కిందట ఒక సినిమా పాటల రాత్రికి నలుగురం టిక్కెట్లు కొనుక్కుని వెళ్ళాం. ఆ డబ్బుతో రెండు నెలల పచారీ సామాను వచ్చేది. రంగురంగుల దీపాలు, గుండెలదిరే చప్పుడు. ఒక గాయకుడు చప్పట్లు కొట్టమని మైకు కిందికి దించాడు, పాట మాత్రం ఆగలేదు. మా ఆయన నావైపు చూశాడు, నేను ఆయనవైపు చూశాను. ఇంటికొచ్చే దాకా ఎవరం మాట్లాడలేదు. ఎదురుగా మనిషిని నిలబెట్టి రికార్డు వినిపిస్తే అది ప్రత్యక్ష ప్రదర్శన ఎలా అవుతుందండీ?

రామనవమి పందిట్లో జరిగింది వేరు. టిక్కెట్టు లేదు, ప్లాస్టిక్ కుర్చీలు, వచ్చినవాళ్ళకి పానకం, వడపప్పు. పాడిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. మోహన రాగంలో పై స్థాయికి వెళ్ళబోయి గొంతు జీర పోయింది. ఆగిపోయింది. పక్కనున్న ఫ్లాస్కులోంచి రెండు గుక్కల వేణ్ణీళ్ళు తాగి, మాకేసి చూసి నవ్వి, అదే సంగతిని మళ్ళీ అందుకుంది. ఈసారి గొంతు పలికింది. వయొలిన్ ఆయన "భళా!" అన్నాడు. పందిరంతా చప్పట్లు. రికార్డింగయితే ఆ జీరని కత్తిరించేసేవారు. కత్తిరిస్తే ఆ రెండోసారికి అంత అర్థం ఉండేది కాదు. మాకు దొరికింది ఆ రెండోసారే.

కచేరీకి వెళ్ళమంటే మనం చెప్పే మొదటి సాకు వంట. ఇక్కడ బెంగళూరు నాగరత్నమ్మ గారిని తలుచుకోవాలి. కావేరి ఒడ్డున తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉంటే, పాడి సంపాదించిన తన సొమ్ము పెట్టి అక్కడ గుడి కట్టించిన దేవదాసి ఆవిడ. కట్టించింది ఆవిడే అయినా, ఆరాధన నాడు అక్కడ ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆవిడ ఊరుకోలేదు. ఆడవాళ్ళందరినీ కూడగట్టి వేరే ఆరాధన చేయించింది. చివరికి 1940 ప్రాంతంలో బృందాలన్నీ ఒకటై, ఆడవాళ్ళకీ అక్కడ చోటు దొరికింది. ఈనాడు పుష్య బహుళ పంచమికి వందల మంది ఆడా మగా కలిసి కూర్చుని పంచరత్నాలు పాడుతున్నారంటే అందులో ఆవిడ పట్టుదల ఉంది. నాగరత్నమ్మ గారు గ్రామఫోను రికార్డులిచ్చిన విద్వాంసురాలు. నా పాట రికార్డులో ఉందిలే, అది చాలు అని ఆవిడ అనుకోలేదు. అక్కడ కూర్చుని తన నోటితో పాడాలనుకుంది. అంత పోరాడి సంపాదించిన కుర్చీ మనది. దాన్ని పెరుగు తోడుపెట్టాలనే మిషతో వదులుకుంటున్నాం.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ప్రతి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు హారతి పాట ఆవిడదే. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాట, ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. నాలుగు చరణాలు, నిదానంగా సాగుతుంది. కిందటేడు పేరంటాళ్ళు ముందు గదిలో నిండిపోయారు, పులిహోర ఇంకా కలపాలి, తాంబూలాలు సర్దాలి. ఆవిడ గొంతు సవరించుకుంటోంది. నేను తొందరలో ఫోనులో ఒక హారతి పాట పెట్టి స్పీకరుకి కలిపేశాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడా అనలేదు. నోరు మూసుకుని, రెండు చేతులూ హారతికి అడ్డంగా చాచి కళ్ళకద్దుకుంది. పాట మూడు నిమిషాల్లో ముగిసింది. ఎంత సుళువుగా అయిపోయిందో అనుకున్నాను కూడా.

నవమి కచేరీకి ఆవిడ కూడా నాతో వచ్చింది. కూర్చున్నంతసేపూ మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, "అత్తయ్యగారూ, మన హారతి పాట ఒకసారి పాడతారా?" అని. కాసేపు ఆలోచించింది. "మొదలు గుర్తుందమ్మాయ్. పోయినేడు పాడలేదు కదా, వెనకది జారిపోయింది" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. అదే నాకు ఎక్కువ తగిలింది.

మర్నాడు వంటింట్లోనే పీట వేసి కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేశాను. నాలుగు చరణాల్లో రెండు దొరికాయి. ఒక నిమిషం నలభై సెకన్లు. మధ్యలో ఆవిడ దగ్గు ఉంది, కుక్కరు కూత ఉంది, "ఆ తర్వాతేమిటే" అని నన్నే అడగడం ఉంది. నాకేం తెలుసు? ఇరవై ఏళ్ళుగా ఆ పాట వింటూనే ఉన్నాను, ప్రతిసారీ పళ్ళెంలో పసుపూ కుంకుమా సర్దుతూ విన్నాను. మిగతా రెండు చరణాలూ నా చెవి పక్కనుంచి వెళ్ళిపోయాయి.

అందుకే అంటున్నాను. మీ ఊళ్ళో పందిట్లో కచేరీ ఉంటే వెళ్ళండి. ఆ పూటకి ఇంట్లో అన్నం, మాగాయ, పెరుగు చాలు. మీ పిల్లలు కొత్త పాట పంపిస్తే చేతిలో పని కిందపెట్టి వినండి. పండగనాడు మాత్రం స్పీకరు తీసి బీరువాలో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని పాడనివ్వండి, లేకపోతే మీకొచ్చిన రెండు ముక్కలే పాడండి, గొంతు బాగా లేకపోయినా సరే. రికార్డు చేస్తే ఆ పాటనే చేయండి, దగ్గుతో సహా.

ఈ శ్రావణానికి మా ఇంట్లో రెండు చరణాల హారతే. ఆవిడ పాడుతుంది, వెనకాల నేనూ మా అమ్మాయీ అందుకుంటాం. మిగతా రెండూ తెలిసినవాళ్ళు ఆవిడ పుట్టింటి ఊళ్ళో ఎవరైనా ఉన్నారేమోనని కబురు పెట్టాను. పాట నిదానంగా సాగితే పులిహోర చల్లారిపోతుంది. చల్లారనీయండి.