అయస్కాంతము – అతివ్యాప్తి

గ్రామఫోను రికార్డులకూ, సీడీలకూ పట్టిన అయస్కాంతత్వాన్ని వదలగొడితే పాట మరింత మధురంగా వినిపిస్తుందని సంగీతప్రియులలో ఒక వాదం ఉంది. జపానుకు చెందిన ఫురుటెక్ సంస్థ ఈ చికిత్స కోసమే ‘డీమ్యాగ్’ అనే యంత్రాన్ని తయారుచేసింది. ఈ వాదాన్ని నేను అంగీకరించను. కారణాలు మిత్రులు చిత్తగించండి.

ముందు ఇందులోని సత్యాన్ని ఒప్పుకుందాం. టేపురికార్డరుకు ఈ వైద్యం అవసరమే. దాని హెడ్డుకు వాడగా వాడగా అయస్కాంతత్వం అంటుకుంటుంది. అప్పుడు రొద పెరిగి, తారస్థాయి స్వరాలు మొద్దుబారుతాయి.

మరి రికార్డో? అది వినైలు ప్లాస్టిక్కు. పాట ఉన్నది గాడి వంపులలో. సీడీ అంటే పాలికార్బొనేటు బిళ్ళ, పైన పలుచని అల్యూమినియం పూత. అల్యూమినియం అయస్కాంతత్వాన్ని నిలుపుకోదు. పైగా సీడీని చదివేది లేజరు కిరణం. వినైలుకు కలిపిన రంగులో లోహరేణువులు ఉన్నాయంటారు. ఉండనివ్వండి. ముల్లును మోసే కార్ట్రిడ్జిలలో అత్యధికభాగం తమలోనే అయస్కాంతాన్ని దాచుకుని, రికార్డుకు అంగుళం దూరంలోపే తిరుగుతుంటాయి కదా! దానికి లేని శంక ఆ రేణువులకెందుకు?

తర్కశాస్త్రం దీనిని అతివ్యాప్తి అంటుంది. కొమ్ములుండటమే గోలక్షణమంటే గేదె కూడా గోవే అవుతుంది. టేపుకు పనిచేసిన మందును రికార్డుకు పూయడం అటువంటిదే.

“చెవులారా విన్నాం, ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణమేది?” అంటారు. తాడును పాముగా చూసినవాడు కూడా కళ్ళారా చూశాననే అంటాడు. వేలు పోసి కొన్నవాని చెవి మాధుర్యాన్ని ముందే ఆశిస్తుంది. ఒకే సీడీ ప్రతులు రెండు తీసుకుని, ఒకదానికే చికిత్స చేయండి. మరొకరు చాటున నాణెం ఎగరేసి, పడినదాన్ని బట్టి ఏదో ఒకటి వినిపించాలి. పదిసార్లకు పదిసార్లూ సరిగ్గా గుర్తించండి. ఊహతో అలా జరిగే అవకాశం 1024లో ఒకటి మాత్రమే. అప్పుడు నేను మౌనం వహిస్తాను. అంతవరకు “నీ చెవి పండలేదు” అనడం వాదం కాదు, అధిక్షేపం.

డబ్బు పోతే పోయింది, అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. అయస్కాంతత్వం నిజంగా ఉన్నది క్యాసెట్టు పట్టీలో. అక్కడ అది మాలిన్యం కాదు, అదే పాట! ఇంటిలోనివన్నీ శుద్ధిచేద్దామన్న ఉత్సాహంతో, అమ్మమ్మ పాడిన మంగళహారతి క్యాసెట్టును కూడా అటువంటి యంత్రం మీద పెడితే, ఆ గొంతు ఇక తిరిగి రాదు. రికార్డు మీద దుమ్ము తుడవండి, అరిగిన ముల్లు మార్చండి. క్యాసెట్టును మాత్రం ఆ యంత్రం దరిదాపులకు రానీయకండి.