కార్డు ఉంది సరే, జీపు కిరాయి ఎవరిస్తరు?



మన గ్రూపుల తరచూ ఒక పోస్టు వస్తది: ఫలానా తండా పెద్దమనిషి ఆసుపత్రిల ఉన్నడు, తోచినంత ఫోన్‌పే చేయండి అని. మనం చేస్తం. కానీ తెలిసినోళ్లు ఎక్కువున్న ఇంటికి పైసలు జమైతయి, లేనోళ్లకు రావు. సిగ్నలే లేని పెంటల ఉన్న చెంచు కుటుంబం కోసం పోస్టు ఎవరు పెట్టాలె?

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటరు. ఉంది. 2007లో ఆ పథకం మొదలైన మొదటి మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్‌లో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింట్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నయి. దాన్ని వదులుకోమని మేము అనట్లేదు. ఆపరేషన్‌కు కార్డు పనికొస్తది. అప్పాపూర్ పెంట నుంచి రాత్రిపూట జీపు కిరాయికి, పక్కన కూసున్న మనిషి తిండికి, పోయిన కూలికి పనికిరాదు. 2025 సెప్టెంబర్‌లో బకాయిల కోసం ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలే ఆపినయి. మన ఇండ్లల్ల వడ్డీ అప్పు పుట్టేది ఇసొంటి కాడనే.

మనలాంటోళ్లు దీనికి దారి చూపెట్టిన్రు. తమిళనాడు నీలగిరుల్లో గూడలూరు ఆదివాసీలు తమ సంఘం ద్వారా 1992 నుంచే కొద్ది చందాతో ఆరోగ్య బీమా నడుపుకున్నరు. వాళ్లకు సొంత ఆదివాసీ ఆసుపత్రి కూడా ఉంది. గద్వాల పక్కనే ఉన్న కర్ణాటకల 2003లో సహకార సంఘాల రైతులు నెలకు 5 రూపాయల లెక్కన కట్టి యశస్విని కింద ఆపరేషన్లు చేయించుకున్నరు.

మనం చిన్నగ మొదలు పెడదాం. 60 ఇండ్ల తండాల ఇంటికి నెలకు 50 రూపాయలైతే 3,000, ఏడాదికి 36,000. కిరాయి, తిండి, పరీక్షలకు ఊరికే ఇయ్యాలె. అంతకు మించితే వడ్డీ లేని అప్పు. ఒంటరి ముసలోళ్లు కట్టకపోయినా హక్కు ఉండాలె. ఖాతా ఇద్దరు మహిళా సంఘం అక్కల పేరు మీద, పుస్తకం రాసేది చదువుకున్న మనం, లెక్క నెలనెలా అందరి ముందట చదవాలె.

చిట్టీలల్ల మునిగినం, మళ్లా ఇదెందుకు అని అడుగుతరు. న్యాయమే. అందుకే ఇందుల పాట లేదు, వడ్డీ లేదు, లాభం లేదు. సర్కారు చేయాల్సిన పని మనమెందుకు చేయాలె అనీ అడుగుతరు. ఈ నిధితోని క్యాన్సర్‌కు, కిడ్నీకి వైద్యం కాదు. అది సర్కారు బాధ్యతే. కానీ అంబులెన్సు ఏ రాత్రి రాలేదో, ఏ పరీక్ష బయట చేయించిన్రో మన పుస్తకంల తేదీతోని ఉంటది. మన్ననూరు ఐటీడీఏకు ఒట్టి నోటితోని కాదు, ఆ పుస్తకం పట్టుకొని పోదాం.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మూడు ఇండ్లల్ల అడగండి: పోయిన ఏడాది దవాఖానకు ఎంతైంది, ఆ పైసలు ఎక్కడికెళ్లి తెచ్చిన్రు? పేర్లు లేకుండ ఇక్కడ రాయండి. ఆ లెక్కలు చూసి ఏ తండాల, ఏ పెంటల మొదలు పెట్టాల్నో అందరం కూసొని మాట్లాడుకుందాం.