పద్దుపుస్తకము లేని వలస

దూరపు కొండలు నునుపని మనవారందురు. ఆ నునుపును నమ్మి మోసపోవుట యొక తప్పు. ఆ కొండ యెక్కినవాని కాలికి తగిలిన రాళ్లను లెక్కింపక, జాతిగుణముచేతనే వాడెక్కగలిగెనని తీర్పు చెప్పుట అంతకంటె పెద్ద తప్పు. ఈ రెండవ తప్పును గూర్చియే మేమిచట వాదింపబూనితిమి.

మా బెళుగుప్పవంటి యూళ్లలో చదువుకొన్నవారు నలుగురు కూడినచోట వలసల మాట రాక తప్పదు. ఇది అనంతపురపు మెట్టసీమ. ఏడాదికి అయిదారువందల మిల్లీమీటర్ల వాన. అదియు నదను తప్పినచో చెనిక్కాయ చేను కాయపట్టక పశువుల మేతకే మిగులును. పంట పీకిన పిమ్మట మూటలు కట్టుకొని బెంగుళూరు దారి పట్టు కుటుంబములను మనము చూచుచునే యున్నాము. అట్టి వేళ అరుగుమీది పెద్దలు చెప్పు మాట యిది: "చీనావాడు వట్టి చేతులతో అమెరికాకు పోయి అంగడి పెట్టి బాగుపడెను. మనవాడు ఏ దేశము పోయినను తట్టయే మోయును. వర్తకము వాని రక్తములో నున్నది. మన రక్తములో లేదు." వినువారు తలయూపుదురు. ఆ తలయూపుటయే మాకు సమ్మతము కాదు.

చీనావాడు వట్టి చేతులతో పోలేదు. అప్పు నెత్తిన పెట్టుకొని పోయెను. 1848లో కాలిఫోర్నియాలో బంగారము బయలుపడిన పిమ్మట అచ్చటికి పోయిన చీనావారిలో పెక్కుమంది క్వాంటుంగ్ రాష్ట్రమువారు. అందును తైషాన్ మొదలగు కొలది తాలూకాలవారు. ఆ సీమలో పండిన పంట ఇంటిల్లిపాదికి ఏడాది పొడుగున చాలెడిది కాదు. ఓడకూలికి సొమ్ము లేనివారు టిక్కెట్టు అప్పుగా గైకొని, అచ్చట గడించిన కూలినుండి తీర్చెడివారు. గనులలో మట్టి కడిగినవారును, 1860 దశకమున రైలుమార్గమునకై కొండలు తొలిచినవారును వీరే. వారిలో అంగడి పెట్టగలిగినవారు కొలదిమంది మాత్రమే. తక్కినవారు కూలివాండ్రుగను చాకలిపనివారుగను వంటవారుగను కాలము గడపిరి. రక్తమే వర్తకము నేర్పునదైనచో అందరును వర్తకులే కావలసినది గదా!

ఇక ఆ యంగడి యెట్టిదో చూతము. ఒరెగాన్ రాష్ట్రమున జాన్ డే అను చిన్న పట్టణములో కమ్ వా చుంగ్ అను చీనా యంగడి నేడు ప్రదర్శనశాలగా నిలిచియున్నది. 1880 దశకపు చివర లంగ్ ఆన్, ఇంగ్ హే అను నిరువురు దానిని కొని నడపిరి. లంగ్ ఆన్ ఇంగ్లీషు నేర్చిన వ్యాపారి. ఇంగ్ హే నాడి చూచి మూలికలిచ్చు వైద్యుడు. ఆ చిన్న కట్టడములోనే బియ్యము, తేయాకు, మూలికల పెట్టెలు, దేవుని పీఠము, దారిన పోవు పనివాండ్రకు పడకలు. చదువు రానివాని ఉత్తరము వ్రాసిపెట్టుట, ఇంటినుండి వచ్చిన ఉత్తరము చదివి వినిపించుట, పని చూపుట, అన్నియు నచ్చటనే జరిగెడివి. ఇంగ్ హే 1952లో మరణించిన చాల కాలమునకు ఆతని మంచము క్రింద, మార్చుకొనని చెక్కులు 23,000 డాలర్లకు సరిపడునవి దొరికినవి. పేద రోగుల చెక్కులను ఆతడు బ్యాంకునకు పంపకుండెనని చెప్పుదురు.

ఇట్టి యంగళ్లు నిలుచుటకు ఆధారములు మూడు. మొదటిది పొత్తు: ఒక్కని సొమ్ముతో గాక, ఒకే యూరివారో ఒకే యింటిపేరువారో తలకొంత వేసి అంగడి తెరచుట. రెండవది 'హుయి' అను చీటి: నెలనెలకు పదిమంది వేసిన సొమ్మును వంతులవారీగా ఒక్కొక్కరు ఎత్తుకొనుట. బ్యాంకు గడప త్రొక్కనీయని దేశములో వారికి మూలధనమైనది ఈ చీటియే. మూడవది సంవత్సరాది నియమము: పాత బాకీలు తీరినగాని క్రొత్త సంవత్సరమునకు స్వాగతమియ్యరాదు. ఈ మూడింటికిని మూలమొక్కటే. అది పద్దుపుస్తకము. పూసలచట్రముపై లెక్కవేసి, కుంచెతో వ్రాసి, పాలివారందరును చూడదగిన చిట్టా ఆవర్జాలు.

ఆ పుస్తకమునకు అమెరికా చట్టము మరియొక విలువ కట్టినది. 1882లో ఆ దేశము చీనా కూలివాండ్రను రానీయక తలుపు మూసినది; వర్తకులకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మాత్రము సందు విడిచినది. 1893లో వర్తకుడన నెవ్వడో కూడ చట్టమే నిర్ణయించినది. స్థిరమైన చోట తన పేర క్రయవిక్రయములు చేయుచు, అంగడికి అవసరమైనంతకు మించి చేతిపని చేయనివాడే వర్తకుడట! స్వదేశము చూచి తిరిగివచ్చు వర్తకుడు ఈ సంగతిని చీనావారు కాని ఇరువురు సాక్షులచే చెప్పించవలెను. 1900లో అచ్చటి సుప్రీముకోర్టు వర్తకుని భార్యాబిడ్డలు రావచ్చునని తీర్పు చెప్పినది; కూలివాని యిల్లాలికి ఆ తలుపు మూసియే యుండెను. ఈ కట్టడి 1943లో గాని తొలగలేదు. తొలగిన పిమ్మటను ఏటికి 105 మందికే ప్రవేశము. కావున అంగడిపుస్తకములోని పాలివారి పట్టీలో పేరున్నవాడు భార్య ముఖము చూచెను. లేనివాడు ముసలితనమువరకు ఒంటరిగా పొయ్యి ముట్టించుకొనెను. చదువరులారా, ఇందు రక్తమెక్కడ? ఉన్నది పుస్తకము, సంఘము, చట్టపు సందు.

అయినను మేము వర్తకునికి హారతి పట్టుటకు రాలేదు. ఆ వర్తకులలో పెక్కురు కూలివాండ్రను కుదిర్చి యిచ్చు మేస్త్రిలే. కూలివాడు స్వదేశమునకు ఓడ యెక్కవలెనన్న, బాకీలు తీరినవని చీనా సంఘములవారి చీటి చూపవలసియుండెడిది. ఓడ కంపెనీలు అందుకు లోబడియుండెడివి. సియాటిల్‌లో కూలివాండ్రను కుదుర్చుటవలన ధనికుడైన చిన్ గీ హీ తైషానునకు మరలి, 1906 మొదలు అచ్చట రైలుమార్గము వేయించెను. ఊరికి రైలు తెచ్చిన పుణ్యమాతనిదే. ఆ పుణ్యమునకు మూలధనము ఎవరి చెమటయో కూడ మనము మరువరాదు. పుస్తకము ఇరువురి చేతులలో నున్నప్పుడు అది న్యాయము. ఒక్కని చేతనే యున్నప్పుడు అది సంకెల. మా వాదమంతయు నీ వాక్యముననే యున్నది.

ఇప్పుడు మనవారి సంగతి. గోదావరి, విశాఖపట్టణము, గంజాము తీరములనుండి తెలుగువారు వేలకువేలు రంగూనునకు పోయిరి. కోరంగి రేవు పేరిట వారిని అచ్చట 'కోరంగీ'లని పిలిచిరి. ఓడలనుండి బస్తాలు దించినవారు, వడ్లమరలలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు వారే. ఓడకూలికి బయానా యిచ్చినవాడు మేస్త్రి. కూలిలో వాటా తీసినవాడు మేస్త్రి. యజమాని యిచ్చిన సొమ్ము చేతబట్టి పంచినవాడును మేస్త్రియే. లెక్క ఆతని నోట నుండెను. కూలివాని చేత నేమియు లేదు. 1930 మే మాసమున మనవారు రేవులో సమ్మె కట్టగా, వారి స్థానమున బర్మావారిని పెట్టి, సమ్మె ముగియగానే వారిని తొలగించిరి. ఆ చిచ్చు రంగూను వీథులలో నెత్తురై ప్రవహించినది. చచ్చినవారు ఉభయపక్షముల బీదలే. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడగా, 1942లో కొండలు అడవులు పడి నడచివచ్చిన లక్షలాది భారతీయులలో మనవారెందరో. దారిలో పడిపోయినవారికి మేస్త్రి ఎంత బాకీపడియుండెనో చెప్పగల కాగితము ఎచ్చటను లేదు.

ఆ బర్మాలోనే మన పొరుగువారైన నాట్టుకోట్టై చెట్టియార్లు ఏమి చేసిరో తలపుడు. వారు గుడిలో కూడి వడ్డీరేటు నిర్ణయించుకొనిరి. ప్రతి కొట్టునకు లెక్క యుంచిరి. 1930 దశకము ముగియునప్పటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల భూమిలో నాలుగవవంతు వారి వశమైనది. రైతుల భూమి అట్లు జారిపోవుట మేము మెచ్చునది కాదు. మేము చూపునది ఇంతే: కోరంగివాడును చెట్టియారును బంగాళాఖాతపు ఒకే యొడ్డునుండి పోయినవారు. ఒకనికి పుస్తకమును సంఘమును గలవు. ఒకనికి అవి రెండును లేవు.

ఇంతకును రంగూను దాక పోనేల? మా యూరి బస్సు నిలుచుచోటనే రంగూను కనబడును. పోయిన కరవునాట మేమెరిగిన యొక కుటుంబము బయానా పుచ్చుకొని ఇల్లు కట్టు పనికి పోయినది. ఆరు నెలల పిమ్మట ఆలుమగలు తిరిగివచ్చిరి. మేస్త్రి వచ్చి, "ఇంకను పదివేలు మీ మీద నిలిచినది" అనెను. ఎనిమిదవ తరగతి చదువు వారి కూతురు పలకవంటి అట్ట తెచ్చి, "ఎన్నిదినములు పని చేసితిరి నాయనా? దినమున కెంత?" అని యడిగెను. తండ్రికి దినముల లెక్క తెలియదు. తల్లికి కూలి యెంతయో తెలియదు. ఆమె కూలి భర్త పేరనే చేరినదట! పిల్ల అట్ట పట్టుకొని నిలిచియుండెను. మేమును నిలిచియుంటిమి. మేస్త్రి వెళ్లిపోయెను, బాకీ మాత్రము వెళ్లలేదు.

మా మాటకు ఎదురాడువారు గలరు. "జీడిపల్లి జలాశయమునకు 2012లో హంద్రీ-నీవా నీరు వచ్చినది గదా, ఇక వలస యేల?" అని కొందరందురు. నీరు వచ్చినందుకు మేమును సంతసించితిమి. కాని కాలువ అందని మిట్టచేను గలవానికిని, అసలు చేనే లేనివానికిని ఆ నీటివలన కూలి దొరకునే కాని బాకీ తీరదు. "చట్టములు లేవా?" అని మరికొందరందురు. లేకేమి? 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చినది. 1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము, కూలివానికి వాని ఛాయాచిత్రము అంటించిన ఖాతాపుస్తకము ఇయ్యవలెనని కంట్రాక్టరును శాసించినది. అట్టి పుస్తకమును మా మండలములో మీరెందరి చేత చూచితిరో చెప్పుడు. అడుగువాడు లేని శాసనము దేవాలయపు రాతిమీది లిపివంటిది. అందరును దానికి ఆనుకొని కూర్చుందురు, చదువువాడుండడు.

మూడవ యాక్షేపణ అన్నిటికంటె నాగరకమైనది. "మేస్త్రియు మన యూరివాడే, వాని యెదుట పుస్తకము తీసినచో నమ్మకము చెడును" అని. అయ్యా, అన్నదమ్ములు పొలము పంచుకొనునపుడు కాగితము వ్రాసికొందురే, అప్పుడు చెడని నమ్మకము కూలివాడు వ్రాసికొన్ననే చెడునా? నిజాయితీ గల మేస్త్రికి పుస్తకము సాక్షి. దానికి జంకువాడు ఎందుకు జంకుచున్నాడో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందులో మన తప్పెంతయో కూడ చెప్పుకొనవలెను. అమెరికావారు చీనావానిపట్ల చేసిన యన్యాయమును చదివి మనము అయ్యోయనుచున్నాము. వర్తకుని భార్యను రానిచ్చి కూలివాని భార్యను ఆపినందుకు ముక్కుమీద వ్రేలిడుచున్నాము. మన వీథిలో బడి మానిపించి బిడ్డలను వెంట గొనిపోవు తల్లిని మాత్రము, "ఎన్నాళ్లకు వత్తువు?" అని కూడ అడుగుట లేదు. అక్షరము వచ్చిన మన యిండ్లు ఇరువది; లెక్క కావలసిన యిండ్లు రెండువందలు. ఒక్కొక్క యిల్లు పదియిండ్ల లెక్క వ్రాసిపెట్టినచో కొరత యెక్కడ? ఆ కమ్ వా చుంగ్ అంగడి పరుల యుత్తరము వ్రాసిపెట్టుటవలన చిన్నబోలేదు. ఊరికి నడుమ నిలిచినది.

ఇందుకు క్రొత్త విద్యయు నక్కరలేదు. మన స్త్రీలు పొదుపు సంఘములలో ఎన్నియో యేండ్లుగా పుస్తకములు నడపుచున్నారు. ఎవరు ఎంత వేసిరి, ఎవరు ఎంత తీసికొనిరి, వడ్డీ యెంత అని వ్రాసి, చదివి వినిపించి, సంతకములు చేయించుచున్నారు. చీనావాని హుయి మన చీటిపాటకు చెల్లెలే. సంఘపు లెక్క వ్రాయగల చేయి మేస్త్రి లెక్క వ్రాయలేదా? కావున సోదరీమణులకు మా మనవి యిది. వలస పోవు ప్రతి కుటుంబమునకు రెండు పుస్తకములు కుట్టుడు. బయానా యెంత, దినకూలి యెంత, మగనికెంత, ఆలికెంత, పోవుబాడుగ యెవరిది అను నైదు మాటలు బస్సెక్కుటకు ముందే మేస్త్రి యెదుట రెండింటను వ్రాయుడు. ఒకటి వారి మూటలో పోవలెను. ఒకటి సంఘపు పెట్టెలో నుండవలెను. పనిచేసిన దినమున గీత గీయుట చదువు రానివారికిని వచ్చును.

చీనావారివలెనే మనకును సంవత్సరాది గలదు. ఉగాదినాటికి పెక్కు కుటుంబములు ఊరు చేరును. పచ్చడి పంచిన పిమ్మట, పంచాంగము వినుటకు ముందు, ఆ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుదము. ఆదాయవ్యయములు రాశులవారీగా వినుట మనకు అలవాటే. ఒక్క యేడు మనుష్యులవారీగా విని చూతము. ఆనాడు అట్ట పట్టుకొని నిలిచిన ఆ పిల్ల ప్రశ్నకు మేము బాకీపడియున్నాము. ఆ బాకీ తీరనిదే మాకు క్రొత్త సంవత్సరము లేదు.