వెనక సీటు వేడెక్కట్లేదంటే నమ్మండి

"లైటు వెలుగుతోందిగా, పనిచేస్తున్నట్టే!" ఈ మాట మనం గీజరు విషయంలో విన్నాం, ఇస్త్రీపెట్టె విషయంలో విన్నాం. ఇప్పుడు పెద్ద బైకుల వెనక సీట్ల విషయంలో కూడా వింటున్నాం. ఆ సీట్లలో హీటర్ ఉంటుందండీ. స్విచ్ నొక్కితే చిన్న లైటు వెలుగుతుంది. అంతవరకే మగవాళ్ళ పరీక్ష. ఆ లైటు చెప్పేది స్విచ్ దాకా కరెంటు వచ్చిందని మాత్రమే. సీటులోని ప్యాడ్ ఎంత వేడెక్కిందో దానికి తెలియదు. అది తెలిసేది దానిమీద కూర్చున్న మనకే.

మేముండేది నార్త్ కరోలినాలో, షార్లట్ దగ్గర. పిల్లలు ఉద్యోగాలకని వెళ్ళిపోయాక మావారు ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక తీర్చుకుని, ఎనిమిదేళ్ళు వాడిన ఒక టూరింగ్ బైక్ కొన్నారు. మా వయసు తెలుగువాళ్ళలో ఇలాంటివి కొన్నవాళ్ళు మాకు తెలిసి ఇంకో నాలుగు కుటుంబాలున్నాయి. బజాజ్ చేతక్ మీద ఒకవైపుకి కాళ్ళేసుకుని, ఒళ్ళో పిల్లాణ్ణి, చేతిలో కూరల సంచీని పట్టుకుని కూర్చున్న వాళ్ళం మనం. సీటు సుఖంగా ఉందా అని అప్పుడెవరూ అడగలేదు, మనమూ చెప్పలేదు. ఈ బైక్ వెనక సీటు మాత్రం సోఫాలా ఉంటుంది. వీపు ఆనించుకోవచ్చు, చేతులు పెట్టుకోవచ్చు. కింద సీటులోను, వీపు ఆనే మెత్తలోను హీటర్లున్నాయి.

మా దగ్గర అందరూ వెళ్ళేది బ్లూ రిడ్జ్ పార్క్‌వేకి. 469 మైళ్ళ కొండదారి, ఎత్తయిన చోట 6,053 అడుగులు. అక్టోబర్‌లో ఆకులు రంగు మారినప్పుడు ఆ అందం చూసి తీరాలి. కానీ పొద్దున్నే బయల్దేరితే 40 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. అంటే మన లెక్కలో 4. అక్కడ వేగం 45 మైళ్ళు మించకూడదు. సరిగ్గా ఆ వేగంతో గాలి తగిలితే ఒంటికి అది 26 ఫారెన్‌హీట్ లాగా ఉంటుందని అమెరికా వాతావరణశాఖ పట్టిక చెబుతుంది. నీళ్ళు గడ్డకట్టేది 32కి. ముందు కూర్చున్నాయనకి అద్దం అడ్డం, చేతులకి వేడి పిడులు, కాళ్ళ దగ్గర ఇంజన్ సెగ. వెనకావిడకి ఆ అద్దం పక్కల నుంచి తిరిగొచ్చే గాలి, మోకాళ్ళ మీద చలి. ఆవిడకున్న ఆధారమల్లా ఆ సీటే.

అది గోరువెచ్చగా కూడా లేదంటే వచ్చే జవాబు "నీకు చలెక్కువోయ్". ఆడవాళ్ళకి చలి ఎక్కువ అనిపించడం ఊహ కాదు. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇద్దరు ఆఫీసుల ఉష్ణోగ్రత లెక్కలన్నీ ఎప్పుడో 1960ల నాటి మగవాడి శరీరాన్ని, నలభై ఏళ్ళు, 70 కిలోలవాణ్ణి, ఆధారంగా తీసుకుని వేసినవని చూపించారు. కాబట్టి "నీకు చలెక్కువ" అన్నది నిజమే అనుకుందాం. అప్పుడు సీటు ఇంకా బాగా పనిచెయ్యాలి కదా? చలెక్కువ అని ఒప్పుకుని, సీటు చూడకుండా వదిలెయ్యడం ఏం న్యాయం?

నా అభిప్రాయం ఇది. భర్తతో బైక్ మీద వెళ్ళడం మానేసిన ఆడవాళ్ళలో చాలామంది ఇష్టం లేక మానలేదు. రెండుసార్లు చలికి వణికి, చెబితే నవ్వేసరికి, మూడోసారి "మీరెళ్ళి రండి" అన్నారు. ఆ తర్వాత ఆయన స్నేహితుల్తో వెళ్తారు. శని, ఆదివారాలు ఈవిడ ఇంట్లో ఒక్కతే. పిల్లలు లేని ఇంట్లో ఆ రెండ్రోజులు ఎంత పొడుగ్గా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. పదిమందిలో ఆయన "మా ఆవిడకి బైక్ ఇష్టం ఉండదు" అంటారు. బాగుచెయ్యని సీటు కాస్తా ఆవిడ స్వభావమైపోతుంది. "అంత చలైతే కార్లో వెళ్ళొచ్చుగా" అనేవాళ్ళూ ఉన్నారు. వెళ్ళొచ్చు. కానీ ఆయన బైక్ మీద, ఈవిడ కార్లో వెళ్తే అది కలిసి వెళ్ళడం కాదు.

మా బైక్ చూసిన మెకానిక్ కూడా లైటు చూసి, అరచెయ్యి సీటు మీద పెట్టి, "పనిచేస్తోంది" అన్నాడు. ఇంకా బాగా కావాలంటే వెయ్యి డాలర్ల పైన పెట్టి సీటు మొత్తం మార్చాలన్నాడు. 70 డిగ్రీల గ్యారేజీలో అరచేతికి ఏదైనా వెచ్చగానే తగులుతుంది. అది పరీక్ష కాదు. పాలు తోడుపెట్టేటప్పుడు మనమే అంతకన్నా జాగ్రత్తగా చూస్తాం. నేను చేసింది ఇది: ఒకే రకం తువాళ్ళు రెండు నాలుగు మడతలేసి ముందు సీటు మీద ఒకటి, వెనక సీటు మీద ఒకటి పరిచాను. రెంటినీ హై మీద పెట్టి, పది నిమిషాలాగి, తువాలు కింద వంటింటి థర్మామీటర్ పెట్టాను. ముందు సీటు 104 చూపించింది, వెనకది 87. "నీకు చలెక్కువ" అనే మాట మా ఇంట్లో ఆ రోజుతో ఆగిపోయింది. తువాలుకి చలెక్కువ ఉండదు కదా.

తర్వాత మల్టీమీటర్ తీశాం. మా అబ్బాయి హైస్కూలు ప్రాజెక్టు కోసం కొన్నది, పది డాలర్లది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 ఓల్టులు ఉంది, అంటే బాగానే ఉంది. వెనక సీటు కనెక్టర్ ఊడదీసి, వచ్చే వైర్లలో చూసినా దాదాపు 14. మావారు "చూశావా, కరెంటు పూర్తిగా వస్తోంది" అన్నారు. చాలామంది ఇక్కడే ఆపేసి సీటు పోయిందని తేల్చేస్తారు. కానీ కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో ప్రెషర్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. తిప్పినప్పుడు ధార ఎలా ఉందన్నదే లెక్క. కనెక్టర్ మళ్ళీ తగిలించి, హీటర్ హై మీద నడుస్తుండగా, సీటు వైపు వైర్లలో కొలిచాం. 10.6!

మూడున్నర ఓల్టులు మధ్యలో ఎక్కడో పోతున్నాయి. కనెక్టర్ విప్పి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, కాస్త మెత్తబడి ఉంది. ఆ రంగు మనందరికీ తెలుసు. ఇస్త్రీపెట్టె ప్లగ్ వదులైపోయినప్పుడు ఆ సాకెట్ ఎలా మాడుతుందో, అచ్చం అదే. నీళ్ళు చేరి, తుప్పుపట్టి, పిన్ను సరిగ్గా ఆనకపోతే అక్కడే వేడి పుడుతుంది. అంటే నాకు చేరాల్సిన వేడి కనెక్టర్ తింటోందన్నమాట.

లెక్క చూడండి. వేడి ఓల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. మా సీటు ప్యాడ్లు రెండూ కలిపి 3 ఓమ్‌లు. 14.1 ఓల్టులైతే 66 వాట్లు, 10.6 అయితే 37. ఓల్టేజీ పావువంతు తగ్గితే వేడి సగానికి దగ్గరగా పడిపోయింది. ఇంకో 12 వాట్లు వడ్లగింజంత పిన్ను దగ్గర కాలిపోతున్నాయి. ప్లాస్టిక్ కరగదూ మరి? ఇది చలి సంగతొక్కటే కాదు, సీటు కింద నిప్పు సంగతి కూడా.

బ్యాటరీ వైరు తీసేసి, మాడిన కనెక్టర్ కత్తిరించి, కొత్త పిన్నులు బిగించి, నీళ్ళు చేరకుండా గ్రీజు రాశారు మావారు. ఇరవై డాలర్ల లోపే అయింది. మళ్ళీ తువాలు పరీక్ష చేస్తే 102.

అందరి సీట్లకీ రోగం ఇదే కానక్కర్లేదు. సీటు చల్లగా ఉన్నప్పుడు, కనెక్టర్ ఊడదీసి, ప్యాడ్ వైపు ఓమ్‌లు చూడాలి. వేడి మీద చూస్తే లోపలి థర్మోస్టాట్ తెరుచుకుని తప్పు చూపించొచ్చు. అసలు రీడింగే రాకపోతే లోపల తీగ తెగింది. ఉండాల్సినదానికి రెట్టింపు వస్తే ప్యాడ్లో సగం పోయింది. కొన్నిసార్లు దోషం బైకుది కానే కాదు. సీటు మీద మెత్తగా ఉంటుందని గొర్రెబొచ్చు కవరో, జెల్ దిండో వేస్తారు, అది చలితోపాటు వేడినీ ఆపుతుంది. మనం వేసుకునే మందపాటి ప్యాంట్లూ అంతే. ఇంకొకటి, ఆయన వేడి జాకెట్ తొడుక్కుని, అదనపు లైట్లన్నీ వేసుకుని ఉంటే, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సీటుకి మిగిలేది తక్కువే.

రెండు పనులు మాత్రం చెయ్యనివ్వకండి. వేడి చాలట్లేదని పెద్ద ఫ్యూజ్ వెయ్యడం ఒకటి, థర్మోస్టాట్‌ని తప్పించి వైరు కలపడం ఇంకొకటి. మనలో షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువ. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గితే, సీటు ఎక్కువ వేడెక్కినా తెలియదు, గంటలకొద్దీ కూర్చుంటే చర్మం కాలుతుంది. అలాంటివాళ్ళు హై మీద ఉంచి మర్చిపోకూడదు.

పోయినవారం మాకు తెలిసినావిడ ఒకరు ఫోన్ చేశారు. ఏడాదై ఆయనతో బైక్ ఎక్కట్లేదావిడ. నేను చెప్పినట్టే తువాళ్ళు పరిచి చూస్తే వెనక సీటు 81 దాటలేదట. వాళ్ళదీ మా మోడలే, ఓమ్‌లు చూస్తే 6 వచ్చింది. కనెక్టర్ శుభ్రంగానే ఉంది కాబట్టి వాళ్ళకి పిన్నులు మారిస్తే లాభం లేదు. కింది ప్యాడ్ ఒక్కటే మార్చాలి, సీటు మొత్తం అక్కర్లేదు. కుట్లు విప్పి ప్యాడ్ వేసి మళ్ళీ కుట్టే అతను దొరికాడట. సెప్టెంబర్ ఆఖరికి ఇస్తానన్నాడని చెప్పి, పార్క్‌వే మీద గది ఏ తారీఖుకి తీసుకోమంటారని అడిగారు.