కారా, గుజా కథకు బహుమానము తగదా?

ఒడిశాలో మూడు తరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలో మాది యొకటి. గుమాస్తా పని చాలించిన పిదప పిల్లల సభలకు పోవుట మాకు వాడుకైనది. అట్టి యొక సభలో కథలు చెప్పు పోటీ జరిగెను. పదేండ్ల బాలిక యొకతె, తమ యింటి తోటమాలియగు సంతాలు వృద్ధుడు ఒడియాలో చెప్పిన కథను చక్కని తెలుగున వినిపించెను. సభ యంతయు కడుపుబ్బ నవ్వెను. నిర్ణేతలు మాత్రము "ఇది అడవివాండ్ర కథ, మన సంస్కృతి కాదు" అని బహుమానము నిరాకరించిరి. బాలిక చిన్నబోయి తల్లి చాటున నిలిచెను. ఆ తీర్పు తప్పని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కథ యిది. కారా, గుజా అను అన్నదమ్ములు విలువిద్యలో మేటులు. రెండు గ్రద్దలు ఊరి బిడ్డల నెత్తుకొనిపోయి తమ పిల్లలకు మేపుచుండెను. గూటిని నాగళ్లతోను, పొలములో పెల్లలు చిదుపు మ్రాకులతోను కట్టుకొన్నందున ఎవరి బాణమును తగులలేదు. అన్నదమ్ములు పొంచియుండి, ఆ మ్రాకునకు కొయ్య దూర్చు రంధ్రముగుండ కొట్టి వానిని కూల్చిరి. రాజు భూమి నిచ్చెను. గ్రద్దలు పడిన గుంటను ఊరివారు వరిమడిగా చేసి వారికి మాన్యముగా నిచ్చిరి. మరియొకనాడు గుహలో దుంపలు కాల్చుకొనుచుండగా పులి వచ్చి, తనకు పెట్టకున్న వారినే తినెదనని బెదరించెను. వారు దుంపలు తాము తినుచు, నిప్పుకణికలు పులికి విసరిరి. నడుమ నడుమ మంచి ముక్కయు వేసిరి. పులి ఆశపడి కదలలేదు. తుదకు గుజా దాని తోక పట్టి, ఊడివచ్చువరకు మెలిపెట్టెను.

ఇది మోటు కథయట, మోసము నేర్పునట! దూబగుంట నారాయణకవి పంచతంత్రమును తెనిగించెనని మనము గర్వింతుము. అందు కుందేలు సింహమునకు బావిలో దాని నీడనే చూపి చంపిన, బుద్ధిబల మని మెచ్చుదుము. అదే పని సంతాలు చేసిన మోసమగునా? బలవంతుడు తినెదనని మీదికి వచ్చినప్పుడు బలహీనునకు యుక్తి గాక వేరాయుధ మేది? పెల్లలు చిదుపు మ్రాకున రంధ్ర మెచ్చట నుండునో దున్నువానికి తెలిసినట్లు మనవంటి కాగితపు పనివారికి తెలియునా? ఆ కథలోని తెలివి పొలములో పుట్టినది. భూమియే వారికి బహుమానమగుటయు వింత కాదు. 1855లో సిద్ధూ, కాన్హూల వెంట జమీందార్లపైనను, వడ్డీవ్యాపారులపైనను, కుంపిణీ ప్రభుత్వముపైనను తిరుగబడిన జాతి యది.

వారి కథలను కేంబెల్ దొర 1891లో అచ్చు వేసెను. బోడింగ్ సేకరించిన వానిని బొంపాస్ 1909లో ఆంగ్లమున వెలువరించెను. రఘునాథ ముర్ము ఓల్ చికి లిపిని కల్పించినది 1925లో. సంతాలీ రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున చేరినది 2003లో, 92వ సవరణ వలన. మన తెలుగు 1950 నుండియే అందు కలదు. సొంత లిపి లేని కాలమున వారి కథలను బ్రతికించినది పెద్దలు పిల్లలకు చెప్పిన నోటిమాటయే. మనకు లిపి కలదు, కావ్యములు కలవు. అయినను మన యిండ్లలో తాతను తెలుగున కథ యడుగు మనుమ లెందరు? చెప్పు తాత లెందరు? మన భాష చెడునది పొరుగువాని కథ వలన గాదు. ఇంట కథయే లేకపోవుట వలన.

కావున సభల పెద్దలకు మా విన్నప మొకటి. కథ యెవరిదైనను కానిండు, చెప్పుట తెలుగున జరిగిన చాలునని నియమము మార్చుడు. రాబోవు పోటీకి ఆ బాలికను మొదట పిలువుడు. ఆమెకు కథ నిచ్చిన తోటమాలిని ముందువరుసలో కూర్చుండబెట్టుడు. అతడు మన సంస్కృతికి చేసిన చెరుపేమియు లేదు. మన బిడ్డచేత పది నిమిషములు మంచి తెలుగు పలికించినాడు.