దొడ్డిలోని బండి, వీధిలోని బండి

గత మాసమున వరి విత్తన ప్రదర్శనకై ఒక గ్రామమునకు పోయినపుడు ఒక పెద్ద రైతు నన్ను తన దొడ్డిలోనికి పిలుచుకొనిపోయెను. అచట వేపచెట్టు క్రింద రెండు బండ్లు నిలిచియుండెను. ఒకటి పని చాలించిన పాత ట్రాక్టరు. రెండవది ఊరి వెల్డింగు దుకాణమున చేయించిన ట్రాలీ. దానికి నంబరు లేదు, కాగితమును లేదు. "అయ్యా, నంబరు లేని బండిని ఇంట నుంచుకొన్నచో జుల్మానా వేయుదురని ఎవరో చెప్పినారు. నా దొడ్డిలో నా బండి నుంచుకొనుటకు సర్కారు సెలవు కావలెనా?" అని ఆయన యడిగెను. ప్రక్కనున్న కుమారుడు నవ్వి, "ఇది వ్యవసాయపు బండి గదా నాన్నా, దీనికి రిజిస్ట్రేషనే అక్కరలేదు" అనెను.

తండ్రి భయమును సరిగాదు. కొడుకు ధైర్యమును సరిగాదు. ఈ రెండు పొరపాట్లును మన సంఘ సభ్యులలో అనేకులకు గలవు. కావున ఈ విషయమై నాకు తెలిసినదియు, నాకు తోచినదియు సభ్యుల యెదుట నుంచుచున్నాను.

మొదట తండ్రి భయమును గూర్చి. మోటారు బండ్లను గూర్చి మన దేశమునకంతకును వర్తించు శాసనము 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. అది 1989 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అందలి 39వ సెక్షను, రిజిస్ట్రేషను లేని బండిని ఎవరును నడుపరాదనియు, యజమాని ఇతరులచేత నడిపింపరాదనియు చెప్పుచున్నది. నడుపుట తప్పన్నది గాని, ఇంట నుంచుకొనుట తప్పనలేదు. చెట్టు క్రింద కదలక నిలిచియున్న బండికి, అది కదలనంత కాలము, ఈ సెక్షను క్రింద శిక్ష లేదు. కాని యొక మాట మరువరాదు. బహిరంగ స్థలములందే గాక మరి యే యితర స్థలమునందైనను నడుపరాదని ఆ సెక్షనులోనే యున్నది. "నా పొలములోనే గదా తిప్పుచున్నాను" అను సమాధానము దాని ముందు నిలువదు.

ఇక కొడుకు ధైర్యము. చట్టము ట్రాక్టరును మోటారు వాహనముగనే యెంచినది. ట్రాలీని సైతము ఆ మాటలోనే చేర్చినది. ట్రాక్టరుకు నంబరున్నంత మాత్రమున దాని వెనుక తగిలించిన ట్రాలీకి నంబరున్నట్లు గాదు. ట్రాలీకి వేరుగ రిజిస్ట్రేషను కావలెను. వ్యవసాయ ట్రాక్టరును కేంద్ర నియమములు రవాణా బండ్ల తరగతిలో చేర్చకపోవుట నిజమే; అంతమాత్రమున దానిని రిజిస్ట్రేషను నుండి తప్పింపలేదు. ఆ రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. ఆ పిమ్మట బండిని చూపించి అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. ఈ నియమమును మీరి నడిపినచో మొదటి తప్పునకు రెండు వేల రూపాయలకు తగ్గని, అయిదు వేలకు మించని జుల్మానా విధింపవచ్చునని 192వ సెక్షను చెప్పుచున్నది.

అయితే రైతు భయపడవలసినది ఈ జుల్మానాకు గాదు. మన మడిలో నిలిచిన నీరు మన యిష్టము. గట్టు తెగి పొరుగువాని చేనుమీద పడినపుడు నష్టమునకు మనమే జవాబుదారులము. బండి సంగతియు నంతే. బహిరంగ స్థలమున తిరుగు ప్రతి మోటారు బండికిని ఇతరులకు కలుగు నష్టమునకై బీమా యుండి తీరవలెనని చట్టము. రోడ్డు మాత్రమే బహిరంగ స్థలము గాదు. ప్రజలకు ప్రవేశించు హక్కు గల ప్రతి తావును బహిరంగ స్థలమే. బీమా లేక నడిపినచో మొదటి తప్పునకే మూడు మాసముల వరకు ఖైదు గాని, రెండు వేల రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. రిజిస్ట్రేషను లేని ట్రాలీకి సరియైన బీమా యెట్లు దొరకును?

నేనెరిగిన యొక గ్రామమున జరిగినదిది. ఒక రైతు దొడ్డిలో నంబరు లేని ట్రాలీ యేండ్ల తరబడి ఊరకే పడియుండెను. కోతల కాలమున మబ్బు పట్టగా, పొరుగు రైతు వచ్చి, "అన్నా, ధాన్యము తడిసిపోవునట్లున్నది, ఒక్క పూట బండి నిమ్ము" అని బ్రతిమాలెను. కాదనుట మన పల్లెలలో మర్యాద గాదు. చీకటి పడిన పిమ్మట, వెనుక దీపము లేని ఆ ట్రాలీ రోడ్డుమీద నిలిచియుండగా, మోటారు సైకిలుపై వచ్చుచున్న కుర్రవాడు దానికి కొట్టుకొని మరణించెను. ఆ కుర్రవాని తలిదండ్రులు నష్టపరిహారమునకై దావా వేసిరి. వారిదియు న్యాయమే. బండి నిచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును చెడ్డవారు గారు. అయినను కడపట మాగాణి యమ్మవలసివచ్చినది.

ఇచట చట్టములోని యొక సంగతిని రైతులందరును గుర్తింపవలెను. ప్రమాదముల ట్రిబ్యునలు నిర్ణయించిన పరిహారమును చెల్లింపనిచో, దానిని భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయుటకు కలెక్టరుకు అధికారము గలదు. శిస్తు బకాయి యనగా నేమో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ మాట భూమిని తాకును.

కాగితములలో మరి రెండు చిక్కులు గలవు. మన యిండ్లలో తండ్రి గతించి యేండ్లయినను బండి ఆయన పేరనే యుండును. నియమము ప్రకారము, యజమాని మరణించిన 30 దినములలోగా వారసుడు రవాణా కార్యాలయమునకు తెలిపినచో మూడు మాసములు బండిని వాడుకొనవచ్చును. ఆలోపల తన పేరికి మార్చుకొనవలెను. రెండవది, బండి నమ్మి, సొమ్ము పుచ్చుకొని, పేరు మార్చకుండ విడుచుట. 2018లో సుప్రీము కోర్టు, బండి చేతులు మారినను రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే చట్టము దృష్టిలో యజమానియనియు, పరిహారపు బాధ్యత వారిదే యనియు తీర్పు చెప్పినది. అమ్మిన బండి యెవరి దొడ్డిలో నున్నను, పేరు మనదైనచో బరువును మనదే.

దొడ్డిలోని బండికి పన్ను గలదా యని కొందరడుగుదురు. ఈ విషయమై మన ఆంధ్రప్రదేశమునుండి పోయిన వ్యాజ్యముననే 2025 ఆగస్టులో సుప్రీము కోర్టు తీర్పు వచ్చినది. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారపు ప్రహరీ లోపల మాత్రమే తిరిగిన లారీలపై పన్ను విధింపబడగా, 1963 నాటి రాష్ట్ర మోటారు వాహనముల పన్ను చట్టము బహిరంగ స్థలమున వాడు బండికిని, అట్టి వాడుకకై యుంచిన బండికిని మాత్రమే వర్తించునని కోర్టు చెప్పినది. ఇది పన్నును గూర్చిన తీర్పు మాత్రమే; రిజిస్ట్రేషను అక్కరలేదని దీని యర్థము గాదు. మరియు, బండిని వాడుట మానినపుడు ఆ సంగతిని ముందుగనే వ్రాతమూలముగ రవాణా కార్యాలయమునకు తెలిపి రసీదు నుంచుకొనుట మేలు. తెలుపనిచో వాడుకకై యుంచినట్లే యెంచుదురు.

మన జిల్లాల బిడ్డలనేకులు ఇపుడు అమెరికా దేశమున నున్నారు. అచటి అనేక పట్టణములలో నంబరు ప్లేటు లేని బండిని ఇంటి ముంగిట నుంచుటయే తప్పు. వర్జీనియా రాష్ట్రపు శాసనము, నడువని బండ్లను మూసిన కట్టడములో గాని, చూపునకు మరుగుగ గాని ఉంచవలెనని నియమించు అధికారమును స్థానిక సంస్థలకు ఇచ్చినది. అట్టి నియమము మన పల్లెలకు తగదని నా యభిప్రాయము. రైతు దొడ్డి చూపరులకై పెంచిన పూలతోట గాదు. అది ఆయన పనిశాల. పాత ట్రాక్టరు ఇరుసు, చక్రము, గేరు కొత్త దానికి అక్కరకు వచ్చును. కంటికి ఇంపుగా లేదని దానిని తీసివేయింపరాదు.

కాని మనవారు దొడ్డికి గల స్వేచ్ఛను వీధికి కూడ ప్రాకించుచున్నారు. ఎన్ని గ్రామములలో తుప్పు పట్టిన ట్రాలీలు మురుగు కాలువలపైనను, బడి గోడల ప్రక్కను, అందరి కళ్లములందును ఏండ్ల తరబడి పడియుండుట నేను చూడలేదు! కాలువ తీయువానికి చోటు లేదు. రాత్రివేళ అంబులెన్సు తిరుగుటకు దారి లేదు. బహిరంగ స్థలమున 10 గంటలు గాని అంతకు మించి గాని దిక్కులేక విడువబడిన బండిని అచటనుండి తీయించుటకు 127వ సెక్షను పోలీసువారికి అధికారమిచ్చినది. ఆ వ్యయము యజమానిదే. దొడ్డిలోనైనను పాత టైర్లలో వాన నీరు నిలువనీయరాదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ అట్టి నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టి, సుమారు వారము పది దినములలో రెక్కలు తొడుగును. ఆ దోమ ప్రహరీ గోడ నెరుగదు.

కావున నేను కోరునది మూడు సంగతులు.

ఒకటి: ప్రతి గ్రామ పంచాయతీయు గ్రామసభలో చర్చించి ఒక చిన్న కట్టుబాటు చేసికొనవలెను. ఇంటి హద్దులో బండి నుంచుకొనుటకు ఆటంకము లేదు, నీరు మాత్రము నిలువరాదు. వీధిలో, కాలువపై, బడి ముందర బండిని విడిచిపెట్టరాదు. తీయుటకు మొదట గడువు నిచ్చి, బీదలకు సాయము చేసి, ఆ పిమ్మటనే కఠినము చూపవలెను.

రెండు: మన సంఘము ప్రతి సంవత్సరము కోతలకు ముందు ఒక దినమును కాగితముల తనిఖీకై కేటాయింపవలెను. ట్రాక్టరు, ట్రాలీల రిజిస్ట్రేషను గడువు, బీమా గడువు, యజమాని పేరు, అప్పు తీరిన పిమ్మట ఆ మాట రిజిస్ట్రేషను పత్రమునుండి తీసివేయబడినదా లేదా, వీనిని కార్యదర్శి ఒక పుస్తకమున వ్రాసి గడువు ముగియకముందే సభ్యునికి తెలుపవలెను. అప్పు నిచ్చిన సంఘమునకు ఋణగ్రస్తుని భూమి నిలుచుట లాభమే గదా!

మూడు: ఇక ఎన్నటికిని పనికిరాని బండి యైనచో, 14 దినములలోగా రవాణా కార్యాలయమునకు తెలిపి, పత్రము నప్పగించి రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను. పాత యినుము వానికి తూకమున కమ్మి చేతులు దులుపుకొనిన చాలదు. 2021 నియమముల ప్రకారము అనుమతి పొందిన తుక్కు కేంద్రములలో నప్పగించినచో దానికి ధ్రువపత్రము నిత్తురు.

ఆ పెద్ద రైతునకు నేను చెప్పివచ్చినది ఇంతే: "పెద్దయ్యా, బండి మీ దొడ్డిలో నున్నంత వరకు నిశ్చింతగ నుండుడు. కాగితము లేనిదే దానిని గుమ్మము దాటనీయకుడు. పొరుగువాడు ఎంత బ్రతిమాలినను ఇయ్యకుడు." ఆయన కొంత తడవు ఆలోచించి, "కాదన్న చుట్టరికము చెడును గదా అయ్యా" అనెను. చెడవచ్చును. కాని మరుసటి కోతలకు మరల కలియును. అమ్ముడుపోయిన మాగాణి మరల రాదు. ఈ మాటను సభ్యులు తమ కుమారులకును, తమ డ్రైవర్లకును చదివి వినిపింతురని ఆశించుచున్నాను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు